ద్వారబంధం మీద "కాతీ౯క": మాట మధ్యలో ఆ తొమ్మిది ఏమిటి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా ఇల్లు ఈ వేసవిలో విప్పేస్తున్నారు. సింహద్వారం టేకుది. దాని పైచెక్క మీద రెండు వరుసల అక్షరాలు చెక్కి ఉన్నాయి. పండక్కీ పెళ్ళికీ వేసిన రంగుల కింద సగం పూడిపోయాయి. నాకు కనబడినంత వరకు ఇది:

శా. శ. ౧౮౩(?) అగు నేటి రాక్షస నామ సం॥ర కాతీ౯క శు ౧౦ (మా ముత్తాతగారి పేరు) గారిచే కట్టింపబడెను
ధమో౯ రక్షతి రక్షితః

౧౮౩ తర్వాతి అంకె రంగులో గడ్డకట్టుకుపోయింది. ఇల్లు 1830ల్లో కట్టారని, రెండొందల ఏళ్ళు కావస్తోందని మావయ్య అంటారు. రెండు మాటల్లో 9 ఎందుకొచ్చింది? "నేటి" అంటే ఈనాటి అనా? ఇంటి గుమ్మం మీద "రాక్షస" అని ఎందుకు రాసుకున్నారు? చిన్నప్పుడు ఆ మాట చూసి భయపడేదాన్ని. ఎల్లుండి వడ్రంగులు వస్తున్నారు, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు

అది తొమ్మిది కాదండీ, ర్. కార్తీక, ధర్మో. మా ఇంట్లో పాత పంచాంగాల్లో కూడా ఇలాగే ఉండేది.

జవాబు

అమ్మా, పైన చెప్పింది నిజం. ఆ గుర్తును వలపలగిలక అంటారు. పొల్లు ర్ తర్వాత హల్లు వస్తే, ర్‌ను ముందు రాయకుండా ఆ హల్లు రాసేసి దాని కుడిపక్కన ఈ గిలక పెట్టేవారు. ధర్మ అనడానికి ధమ౯, సూర్య అనడానికి సూయ౯. చూడ్డానికి తెలుగు తొమ్మిదిలాగే ఉంటుంది. నేనూ ఇక్కడ ఆ అంకెనే టైపు చేస్తున్నాను. కాడికి కట్టిన ఎడ్లను ఎలపట, దాపట అనడం మీ ఊళ్ళో వినే ఉంటారు. ఆ ఎలపటే వలపట, అంటే కుడివైపు. వలపలగిలకలో ఉన్నదీ ఆ మాటే. మన అచ్చులో ఇది పోయింది కానీ, కన్నడంలో ఈ రోజుకీ ఉంది. బెంగళూరులో ఏ బోర్డు చూసినా ర్ గుర్తు అక్షరం తర్వాతే ఉంటుంది.

"అగు నేటి" అని విడదీయకండి. అది అగునేఁటి. అగు + ఏఁటి, మధ్యలో నకారం వచ్చి చేరింది. ఏఁటి అంటే సంవత్సరపు. "ఇన్నో సంవత్సరం అయిన" అని అర్థం, ఈనాటితో సంబంధం లేదు. మన శాసనాల్లో చాలా పాత మాట ఇది. మీ ముత్తాతగారికి ఈ వాక్యం కూర్చిపెట్టింది ఎవరో శాసనాల భాష తెలిసిన మనిషే అయి ఉండాలి.

ఇక రాక్షస. భయపడ్డ ఆ మాటే ఇప్పుడు మీకు దారి చూపిస్తుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లలో రాక్షస నలభై తొమ్మిదోది. అరవై ఏళ్ళకు ఒక్కసారే వస్తుంది: 1855, 1915, 1975. మీ మావయ్యగారు చెప్పే 1830ల్లో రాక్షస లేనే లేదు. చెక్క మీద ఉన్నది శాలివాహన శకం, శా. శ. అంటే అదే. దానికి 78 కలిపితే మన క్యాలెండరు సంవత్సరం. శకం 1830 నుంచి 1839 లోపు రాక్షస ఒక్క 1837లోనే పడుతుంది, అంటే 1915-16. కాబట్టి రంగు కింద ఉన్న అంకె ౭ అయి తీరాలి. చెక్క మీద మసకగా కనిపిస్తే ౨ అనిపించవచ్చు, కానీ శకం 1832 సాధారణ నామ సంవత్సరం, రాక్షస కాదు. ఇలా అంకె చెడిపోయినా పేరు పట్టుకుని సరిచూసుకోవచ్చు. రెండూ రాయించిన మీ పెద్దల ముందుచూపుకు నాకు దండం పెట్టాలనిపిస్తోంది.

"శు" దగ్గర ఒక జాగ్రత్త. వారం రాసేటప్పుడు శుక్రవారానికీ శు అనే రాస్తారు. ఇక్కడ నెల పేరు తర్వాత, తిథికి ముందు ఉంది కనుక శుద్ధం. కార్తీక శుద్ధ దశమి. 1915లో అది నవంబరు నెల.

రెండో వరుస మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోది. "ధర్మం తనను రక్షించినవాణ్ణి రక్షిస్తుంది" అని చెప్పుకుంటాం, భావం అదే. మాటకు మాట చూస్తే మాత్రం రక్షితః అన్నది ధర్మః అన్నదానికి విశేషణం: కాపాడబడిన ధర్మం కాపాడుతుంది. ఎవరిని అన్నది శ్లోకం చెప్పలేదు. ఇంటి గుమ్మానికి అలా వదిలేయడమే అందంగా ఉంది.

ఒక్క మనవి. చాకుతో గానీ ఉప్పు కాగితంతో గానీ గీకకండి. రాత్రి దీపాలన్నీ ఆర్పి, టార్చిని చెక్కకు బాగా పక్కవాటుగా పట్టి ఫోటో తీయండి. గాట్లలో నీడ పడి అక్షరాలు లేస్తాయి.

ప్రశ్న అడిగినవారు

మాష్టారూ, రాత్రి అలాగే తీశాం. ౭ స్పష్టంగా ఉంది! మావయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆయనే లెక్క మళ్ళీ వేసి చూసుకున్నారు. పైచెక్కను కలపతో పాటు అమ్మడం లేదు, మా ఇంటికి తెచ్చుకుంటున్నాను. చదివింది ఇలా రాసి పెట్టుకున్నాను, సరిపోయిందా?

"శాలివాహన శకం 1837 అగునేఁటి రాక్షస నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి నాడు ... గారిచే కట్టింపబడెను. ధర్మో రక్షతి రక్షితః."

జవాబు

సరిపోయిందమ్మా. "నాడు" చెక్క మీద లేదు, తీసేయండి. కట్టింపఁబడెను అన్నచోట ప తర్వాత అరసున్న ఉండాలి, ఫోటోలో చూడండి, చిన్న గాటులా ఉంటుంది. అదీ రాసుకోండి.