గాల్‌బ్లాడర్ రాళ్లతో కామెర్లు: పసరు పోయించాలా, ఈఆర్‌సీపీకి పోవాలా?

పెన్నా గట్టు (ప్రశ్న)
అమ్మకు 54 ఏళ్లు, ఉండేది కావలి పక్క పల్లెలో. కుడి డొక్క పైన నొప్పి, కళ్లు పచ్చగా, ఒళ్లంతా దురద. మూత్రం డికాక్షన్ రంగు, విరేచనం సుద్దలా తెల్లగా. టోటల్ బైలిరుబిన్ 6.8, డైరెక్ట్ 5.4, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 510, ఎస్‌జీపీటీ 140. స్కాన్‌లో గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) నిండా చిన్న రాళ్లు, సీబీడీ (పైత్యనాళం) 11 మి.మీ. జ్వరం లేదు. ఊళ్లోవాళ్లు పసరు తాగించి చప్పిడి పథ్యం పెట్టమంటున్నారు. డాక్టరేమో ముందు ఈఆర్‌సీపీ (నోట్లోంచి గొట్టం దించి రాయి తీసేది), తర్వాత గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అన్నారు. ఒక్కదాంతో పోదా? గాల్‌బ్లాడర్ తీసేస్తే తిండి ఎట్టా అరుగుతుంది?

స్కాన్ రూమ్
ఇవి లివర్ వాపు కామెర్లు కావు, దారి మూసుకుపోయిన కామెర్లు. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ లలో ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) మామూలుగా వందలు దాటి వేలకు పోతుంది. ఇక్కడ అది 140 దగ్గరే ఉంది, పెరిగింది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, డైరెక్ట్ బైలిరుబిన్, అంటే పైత్యరసం దారి మూసుకుంటే పెరిగేవి. సీబీడీ అంటే పైత్యరసాన్ని పేగులోకి తెచ్చే గొట్టం. అది 6 మి.మీ. అటూఇటూ ఉండాలి, 11కి ఉబ్బిందంటే కింద ఏదో అడ్డం పడింది. పైత్యరసం పేగులోకి దిగక విరేచనం తెల్లబడింది. నెత్తుట్లోకి ఎక్కి మూత్రంలో పోతోంది, అందుకే ఆ రంగు.

పసరుకు పేరు ఎందుకొచ్చిందంటే, హెపటైటిస్ ఏ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. గొట్టంలో ఇరుక్కున్న రాయిని పసరు కదిలించదు.

సీబీడీ కింది కొసను పేగులోని గ్యాస్ కప్పేస్తుంది కాబట్టి మామూలు స్కాన్‌లో అక్కడి రాయి చాలాసార్లు కనపడదు. అనుమానముంటే ఎంఆర్‌సీపీ (పైత్యనాళాలకు తీసే ఎంఆర్‌ఐ స్కాన్) తీయిస్తారు. పేస్‌మేకర్ లాంటివి ఉంటే ముందే చెప్పాలి.

ఎండోస్కోపీ అన్న
తమ్ముడూ, రెండూ ఎందుకంటే రాళ్లు రెండుచోట్ల ఉన్నట్టున్నాయి. ఈఆర్‌సీపీలో నోటి నుంచి గొట్టం దించి, పైత్యనాళం పేగులో కలిసే ద్వారాన్ని కొంచెం కోసి, బెలూన్‌తోనో బుట్టతోనో రాయిని లాగుతారు. అయితే రాళ్లు పుట్టేది గాల్‌బ్లాడర్‌లో. దాన్ని వదిలేస్తే ఇంకో రాయి జారుతుంది. అందుకే అదే అడ్మిషన్‌లో, లేదంటే రెండు వారాల్లోపు లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాలు పెట్టి) గాల్‌బ్లాడర్ తీయించడం మంచిది. చిన్న రాళ్లే ఎక్కువ జారతాయి.

ముందు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూడాలి. పైత్యరసం పేగులో లేకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అప్పుడు ఇంజెక్షన్ ఇస్తారు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. నూటికి 5 మందికి అటూఇటూగా ఈఆర్‌సీపీ తర్వాత క్లోమం వాస్తుంది. ఆ రాత్రి నొప్పి పెరిగితే గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు.

పైత్యనాళం మూసుకుపోకుండా స్టెంట్ (సన్న గొట్టం) పెడితే ఆ తేదీ రాసిపెట్టుకోండి. ప్లాస్టిక్ స్టెంట్‌ను సుమారు 3 నెలల్లో తీయాలి, లేదా మార్చాలి. కామెర్లు తగ్గాయి కదా అని మర్చిపోతారు, అది మూసుకుపోయి చీము పడుతుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే.

అరుగుదల గురించి దిగులు వద్దు. పైత్యరసం తయారుచేసేది లివర్, రోజుకు అర లీటరు పైమాటే. గాల్‌బ్లాడర్ దాచేది 30–50 మి.లీ. తీసేశాక కొందరికి కొన్నాళ్లు నూనె తిండితో విరేచనాలు పలచబడతాయి, అంతే.

పెన్నా గట్టు
అన్నా, పండగ దాకా ఆగొచ్చా? ఇంకో 10 రోజులుంది.

వార్డు సిస్టర్
ఆగొద్దు. ఇప్పుడు జ్వరం లేదు గానీ, ఆగిన పైత్యరసంలో ఎప్పుడైనా ఇన్‌ఫెక్షన్ చేరొచ్చు. చలి వణుకుతో జ్వరం, మాట తడబడడం, బీపీ పడిపోవడం కనపడితే అర్ధరాత్రయినా నెల్లూరో ఒంగోలో బయలుదేరాలి. బొడ్డు పైన మొదలై వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు వస్తే రాయి క్లోమం దారికి అడ్డం పడి ఉండొచ్చు. అప్పుడు రక్తంలో లైపేజ్ (క్లోమం ఎంజైమ్) చూస్తారు, మామూలు పైహద్దుకు 3 రెట్లు దాటితే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) అనుకుంటారు.

చప్పిడి పథ్యం అక్కర్లేదు. ఉప్పు తగ్గించేది పొట్టలో నీరు చేరినప్పుడు. వేపుళ్లు, నూనె తేలే పులుసు మానితే చాలు, అన్నం, పలచటి పప్పు, మజ్జిగ పెట్టండి. దురదకు మెడికల్ షాపు మాత్రలు, నొప్పికి నాటుమందు రెండూ వద్దు.

పోయేటప్పుడు స్కాన్ ఫిల్ము, రక్తపరీక్షల కాగితాలు, వాడే మందులు అన్నీ పట్టుకుపోండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) వర్తిస్తుందేమో అక్కడ ఆ పథకం చూసే వైద్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగండి. డాక్టరు చెప్పిన టైము నుంచి ఏమీ పెట్టొద్దు, ఈఆర్‌సీపీకి 6–8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి.