ఒక కంటికి నల్లద్దం పెడితే వీడియో త్రీడీలా కనిపిస్తోంది, ఎలా?

కిటికీసీటు: కూలింగ్ గ్లాసెస్‌లో ఎడమ అద్దం ఒక్కటే మిగిలింది, అది పెట్టుకుని టీవీలో నా రైలు వీడియో చూశా. నిడదవోలు దాటాక కిటికీలోంచి తీసింది. కొబ్బరి చెట్లు స్క్రీన్ వదిలి ముందుకొచ్చేశాయి, వరి చేలు ఎక్కడో లోపలికి వెళ్ళిపోయాయి, అద్దం తీస్తే మళ్ళీ మామూలే. అవతలి కిటికీ నుంచి తీసిన వీడియో మాత్రం అంతా గందరగోళంగా ఉంది. ఎరుపు నీలం కళ్ళజోడు లేకుండా ఇదెలా సాధ్యం? పిల్లలకి చూపించేలా ఒకటి తీయాలని ఉంది.

లోలకం: దీన్ని పుల్‌ఫ్రిక్ ఎఫెక్ట్ అంటారండి. వెలుగు తగ్గితే ఆ కంటి నుంచి మెదడుకి కబురు కాస్త లేటుగా వెళ్తుంది, వెలుగు పదో వంతుకి పడిపోతే 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కల. అంటే కదిలే చెట్టుని ఒక కన్ను ఇప్పుడున్న చోట, రెండోది ఇందాక ఉన్న చోట చూస్తాయి, ఆ తేడానే మెదడు లోతు అనుకుంటుంది. బొమ్మ ఎటు కదిలితే ఆ వైపు కంటికి అద్దం ఉండాలి. మీ రెండో వీడియోలో చెట్లు కుడికి పోతున్నాయి కాబట్టి దగ్గరవి వెనక్కి తోసినట్టుంటాయి, అద్దం కుడి కంటికి మార్చి చూడండి.
పిల్లలకైతే ముందు ఇది చూపించండి. గుమ్మానికి దారంతో ఒక నట్టు కట్టి అడ్డంగా ఊపి, నాలుగడుగుల దూరంలో నిలబడి అద్దం పెట్టుకోమనండి. అటూ ఇటూ ఊగే నట్టు కోడిగుడ్డు ఆకారంలో గుండ్రంగా తిరుగుతుంది, అద్దం రెండో కంటికి మారిస్తే తిరగడం కూడా రివర్స్! నాకు మనసు కలుక్కుమనే సంగతేంటంటే, 1922లో దీని గురించి రాసిన కార్ల్ పుల్‌ఫ్రిక్‌కి అప్పటికే ఒక కన్ను కనిపించదు. జర్మనీలో లెన్సులు చేసే జైస్ కంపెనీలో పనిచేసేవాడు, తన పేరున్న ఈ వింతని తను చూడలేడు.

కిటికీసీటు: కుడి కంటికి మార్చా, చెట్లు ముందుకొచ్చాయి అండి!! చాలా థాంక్స్.

ట్రైపాడ్: తీసేటప్పుడు కెమెరా ఒకే వైపుకి, ఆగకుండా, పక్కకి జరుగుతూ ఉండాలి. నిలబడి తిప్పితే చాలదు, దగ్గరవి దూరంవాటికంటే జోరుగా కదలాలి కదా. కదలిక ఆగిందా, లోతు కూడా పోతుంది. అమెరికాలో 1989 సూపర్ బౌల్ (వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్) మధ్య విరామంలో జరిగే హాఫ్‌టైమ్ షోని ఈ పద్ధతిలోనే త్రీడీగా టీవీలో వేశారు. కళ్ళజోడు లేనివాళ్ళకి బొమ్మ మామూలుగానే, రంగులు చెడకుండా కనిపిస్తుంది, అదే దీని గొప్ప.

కంటిచుక్క: మెల్లకన్ను వల్ల రెండు కళ్ళు కలిపి చూడలేని పిల్లలకి ఇది కనిపించకపోవచ్చు, అందరి ముందూ వాళ్ళని గుచ్చి అడగకండి. ఇంకోటి, ఏ అద్దమూ లేకుండానే నట్టు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తే కంటి డాక్టర్‌కి చూపించుకోవాలి. ఒక కంట్లో శుక్లం ఉన్నా, కంటి నరం వాచినా ఇలా అవుతుంది, ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది. కొందరికి బాగున్న కంటికి లేత రంగు అద్దం ఇచ్చి రెండు కళ్ళనీ సమం చేస్తారు. ఒంటి అద్దంతో బండి మాత్రం నడపొద్దు.