చివరి అధ్యాయంలో మీనా కోలుకున్నట్టేనా?

పాత_పాఠకుడు: సీరియల్ చదవనివాళ్ల కోసం చెప్తున్నా. మీనాకి 13 ఏళ్లు. ఇల్లు తగలబడి తమ్ముడు చనిపోయాడు. పొయ్యి ఆర్పడం తనే మర్చిపోయానని నమ్ముతుంది. ఆరు నెలలు నోరు విప్పదు. చివర్లో నాన్న ఏడుస్తుంటే "నేను బాగానే ఉన్నాను నాన్నా" అంటుంది. కథ సమాప్తం! నాకైతే మోసంలా ఉంది.

వేపపువ్వు: ముగింపు బాగుంది. పిల్ల ఎప్పటికీ ఏడుస్తూనే ఉండాలా?

పాత_పాఠకుడు: ఏడవమనలేదు. పొగ వాసనకి వణుకుతుంది, వంటింటి వైపు పోదు, నిద్రలో తమ్ముణ్ణి పిలుస్తుంది. ఇలాంటివి నెల దాటితేనే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసుని పట్టి పీడించే జబ్బు, అంటారు. "నా వల్లే" అనుకోవడాన్ని కూడా మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం, 2013లో వచ్చిన దాని ఐదో కూర్పులో లక్షణంగా లెక్కేస్తుంది. మరి ఆ పొయ్యి సంగతి ఆమెతో ఎవరూ ఎత్తరేం?

కాలక్షేపం: పొయ్యి వెలుగుతుంటే ఇల్లంతా తగలబడుతుందా? లాజిక్ లేదు.

వేపపువ్వు: పీటీఎస్‌డీ అన్న పేరు డాక్టర్ల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో. అంతకుముందు ఎవరూ తేరుకోలేదా? యాక్సిడెంట్ తర్వాత మావాడు కారు చూస్తేనే బిగుసుకుపోయేవాడు. కౌన్సెలింగ్‌లో మొదట ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టారు, తర్వాత సందు చివరిదాకా తిప్పారు. ఇప్పుడు ముందు సీటు కోసం చెల్లెలితో కొట్లాట.

పాత_పాఠకుడు: మీరే చెప్పారుగా, మెల్లగా అని! మీనాకి ఆ మెట్లేవి?

వేపపువ్వు: ప్రతి సెషనూ రాస్తే చదివేదెవరు?

కాలక్షేపం: పొయ్యి గురించి ఎవరూ చెప్పరా?

పాత_పాఠకుడు: మీలాంటివాళ్లకి పిల్లలు నవ్వితే చాలు, లోపల ఏమున్నా అక్కర్లేదు.

వేపపువ్వు: నోరు అదుపులో పెట్టుకోండి. రాత్రులు వాడి పక్కన మేలుకుని కూర్చున్నది నేను.

పాత_పాఠకుడు: అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. కాస్త నవ్వితే చాలు, "వీడు తేరుకున్నాడు" అని అందరికీ చెప్పేసేవాళ్లు. ఆ తర్వాత అమ్మ పేరెత్తితే వాళ్ల ముఖాలు వాడిపోయేవి. ఎత్తడం మానేశాను. మీనా ఆ మాట అన్నది నాన్న కోసం. దాన్నే కోలుకోవడం అంటోంది రచయిత్రి. నా గొడవ అదీ.

వేపపువ్వు: నాన్న కోసమే అనుకోండి. ఆరు నెలల తర్వాత ఇంకొకరి ఏడుపు ఆమె కంటికి కనబడింది కదా? మావాడూ మొదటిసారి కారెక్కింది నా ముఖం చూసే. అది ఉత్త నటనంటే నేను ఒప్పుకోను.

నిదానం: ఆ నాన్న "నిజంగానా?" అని ఒక్కసారి అడిగి ఉంటే ఇద్దరికీ సరిపోయేది.

పాత_పాఠకుడు: అడగడు. కళ్లు తుడుచుకుని లేచిపోతాడు. ఇంకో అధ్యాయం రాయమని రచయిత్రిని అడుగుదాం.

వేపపువ్వు: మీరు అడగండి. నా పేరు మాత్రం కలపకండి.