దిగిపోతున్న ఫిష్‌ప్లేటు జాయింట్లు: విప్పడం ఎప్పుడు, ఖాళీ ఎంత?

పాకాల_బాట:
లూప్ లైను. 52 కిలోల పట్టా, 13 మీటర్ల ముక్కలు, నాలుగు బోల్టుల ఫిష్‌ప్లేటు (రెండు పట్టాల చివరలను కలిపే ఇనుప బద్ద). జాయింట్లు విప్పి లూబ్రికేషన్ అక్టోబరులోనే మొదలుపెట్టొచ్చా? బిగించేటప్పుడు ఖాళీ ఎంత వదలాలి? ప్యాకింగ్ చేసిన (స్లీపర్ల కింద కంకర కుక్కిన) పదిహేను రోజులకే మళ్లీ దిగిపోయే జాయింటుకు మందేంటి? స్పానరుకు పైపు తొడిగి బిగిస్తే తప్పా?

రేణిగుంట_గునపం:
అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అని రైల్వే ట్రాక్ మాన్యువల్‌లో ఉండేది నిజమే. అది దేశమంతటికీ రాసిన మాట. మన తిరుపతి, చిత్తూరు పక్క అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. తడి పట్టాకు రాసిన గ్రీజు పట్టుకుంటుందా? సంక్రాంతి ముందర మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగించాల. అక్టోబరులో బ్రహ్మోత్సవాల స్పెషల్ బండ్లుంటే బ్లాక్ (బండ్లు ఆపి పనికిచ్చే సమయం) కూడా దొరకదు.

కొలత_పిచ్చోడు:
గ్రీజా? జాయింటుకు గ్రీజు రాయమని ఎవరు చెప్పారు సామీ? గ్రాఫైట్ గ్రీజు పట్టాను స్లీపరుకు పట్టే పాండ్రాల్ క్లిప్పుకు, అది దూరే ఇన్సర్ట్ కంటికి. ఫిష్‌ప్లేటు ఆనే చోటికి ప్లంబాగో (గ్రాఫైట్ పొడి), కిరోసిన్ కలిపిన గట్టి ముద్ద. 100 జాయింట్లకు ప్లంబాగో 5 కిలోలు, కిరోసిన్ 3.5 లీటర్లు. బోల్టు మరలకు, నట్టుకు విడిగా నల్ల నూనె, అదే 100 జాయింట్లకు 2.75 కిలోలు. రెండూ ఒకే డబ్బాలో కలిపేసి బ్రష్షుతో పూసేస్తే అది లూబ్రికేషన్ కాదు, రంగు వెయ్యడం.

రేణిగుంట_గునపం:
గ్రీజు అన్నది నోటి అలవాటు. మాటను పట్టుకుని వేలాడొద్దు. స్టోర్‌లో ప్లంబాగో లేని రోజు ఏం పూస్తావో అది చెప్పు.

కొలత_పిచ్చోడు:
లేని రోజు జాయింటు విప్పను. మెత్తటి గ్రీజు పూస్తే కంకర దుమ్మంతా దానికే అంటుకుని ఆకురాయిలా తయారవుతుంది. పట్టా తల కింద ప్లేటు ఆనే చోటే అరిగేది. అక్కడ అరిగితే ఎంత బిగించినా ప్లేటు పట్టాను మొయ్యదు. నీ జాయింటు దిగేది అందుకే కావచ్చు!

రేణిగుంట_గునపం:
నా జాయింటు కాదు, అడిగినాయన జాయింటు. పైన పేరు చూసి మాట్లాడు.

సిగ్నల్_దీపం:
ప్లంబాగో భక్తులకు ఒక దండం. అది గ్రాఫైట్, కరెంటు పారుతుంది. జాయింట్లన్నీ వరసగా విప్పుకుంటూ వచ్చి ఇన్సులేటెడ్ జాయింటుకూ (రెండు పట్టాల మధ్య కరెంటు పారకుండా ఆపేది) అదే ముద్ద పూస్తే ట్రాక్ సర్క్యూట్, అదే పట్టాల కరెంటుతో బండి ఉందో లేదో చెప్పేది, ఏమైపోవాలి? ఎండ్‌పోస్టు (పట్టా చివరల మధ్య పెట్టే కరెంటు పారని ముక్క) మీదుగా ఒక చార చాలు. ఆ పక్క సెక్షన్‌లో బండి లేకపోయినా సిగ్నల్ ఎరుపు వదలదు, పిలుపు మాకొస్తుంది. జిగురుతో అంటించిన ఇన్సులేటెడ్ జాయింటు, అదే గ్లూడ్ జాయింటును అసలు విప్పనే కూడదు. దాన్ని ఎండపూట 100 వోల్టుల డీసీ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూస్తే 25 మెగా ఓమ్‌లకు తగ్గకూడదు, తడిలో 3 కిలో ఓమ్‌లు. పట్టా చివర లోహం సాగి ఎండ్‌పోస్టు మీదికి నాలుకలా వస్తుంది. దాన్ని ముందే గ్రైండ్ చేస్తే సగం ఫెయిల్యూర్లు ఉండవు. ఆ జాయింటు స్లీపర్ల మీద మామూలు క్లిప్పు ప్లేటుకు తగులుతుంది, ప్లేటుకు తగలని జే క్లిప్పే పెట్టాలి. వినేవాళ్లుంటేగా.

పాకాల_బాట:
అన్నా, నేనడిగింది మామూలు జాయింటు గురించి. ఖాళీ ఎంతో చెప్పండి.

లెక్కల_అబ్బి:
పట్టా డిగ్రీకి మీటరుకు 0.0115 మి.మీ. సాగుతుంది. 13 మీటర్లకు డిగ్రీకి 0.15 మి.మీ. వేకువన 20 డిగ్రీల పట్టా మే నెల మధ్యాహ్నం 60కి పోతే 40 డిగ్రీల తేడా, అంటే 6 మి.మీ. కాబట్టి 30 డిగ్రీల దగ్గర బిగిస్తుంటే, పైన 30 డిగ్రీలకు 4.5 మి.మీ. చోటు మిగలాలి. కొలవాల్సింది గాలి వేడి కాదు, పట్టా వేడి. ఎండలో గాలికంటే పట్టా దాదాపు 20 డిగ్రీలు ఎక్కువ. థర్మామీటరు పట్టా నడుముకు నీడవైపు పెట్టాలి, దాని మీదే ఎండ పడితే లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒక్క జాయింటు చూసి తేల్చేయొద్దు. పట్టా ఒకవైపు జరిగి ఉంటే ఒక చోట ఖాళీలన్నీ మూసుకుంటాయి, ఇంకో చోట వెడల్పవుతాయి. ముందు గ్యాప్ సర్వే (జాయింట్లన్నిటి ఖాళీలు కొలవడం), తర్వాత పట్టాలు లాగి సర్దడం, ఆ తర్వాతే లూబ్రికేషన్. వరస తప్పితే విప్పిన పని దండగ.

చిత్తూరు_వెల్డరు:
ఈ కాలంలో ఇంకా ఫిష్‌ప్లేటు లెక్కలేంది? ఏటీ వెల్డ్ (పొడిని మండించి కరిగిన ఉక్కు మూసలో పోసేది) చేసేస్తే పోలా? వెల్డుకు పట్టాల మధ్య ఖాళీ 25 మి.మీ., అటూ ఇటూ 1. పోర్షన్ (ఆ పొడి) రియాక్షన్ 20 సెకన్లు, అటూ ఇటూ 3. మీటరు స్ట్రెయిట్‌ఎడ్జ్ పెడితే నడుమ ఎత్తు 1 మి.మీ. దాకా సరే, పల్లం మాత్రం సున్నా. పక్కవైపు అర మి.మీ. 30 నిమిషాలు ఆగి బండి వదలడమే. చేతిలో పనుంటే జాయింటు బాధే ఉండదు. నేర్చుకోండి కొంచెం.

కొలత_పిచ్చోడు:
పాఠం అయ్యిందా? ఇంకో వెల్డుకు గానీ ఫిష్‌ప్లేటు జాయింటుకు గానీ 4 మీటర్ల లోపల ఏటీ వెల్డ్ పెట్టకూడదనేది ఎగిరిపోయిందే. బోల్టు రంధ్రాలున్న చివర కోసెయ్యాలి, పట్టా పొట్టిదవుతుంది, దానికి క్లోజర్ (లోటు పూడ్చే పట్టా ముక్క) ఎక్కడినుంచి తెస్తావు? వాన పూట పోర్షన్ తేమ తగిలితే లోపల బుడగలు, క్రూసిబుల్ (పొడి మండే పాత్ర) దగ్గర నిప్పులు చిమ్మడం. అదీ రాయి.

చిత్తూరు_వెల్డరు:
తేమ పోర్షన్ వాడేవాడు వెల్డరే కాదు. నీకు కొలతలు నోటికొస్తాయి, మూస కట్టడం వస్తుందా?

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆపండి. ప్రశ్నకు రండి.

గ్యాంగు_మేట్:
దిగే జాయింటుకు ప్యాకింగ్ ఒక్కటే మందనుకుంటే అది నెలకోసారి దిగతానే ఉంటాది. ముందు ఎందుకు దిగతా ఉండాదో చూడల్ల. 30 సెంటీమీటర్ల లోపల పట్టా చివర నలిగి పల్లమైందా? మీటరు స్ట్రెయిట్‌ఎడ్జ్ జాయింటు నడిమికి పెడితే చివరలు వంగి కనిపిస్తా ఉండాయా? ప్లేటు నడుమ అరిగిందా? ఈ మూడిట్లో ఏది ఉన్నా కంకర మీద కోపం చూపించి లాభం లేదు. అరిగిన ప్లేటుకు టేపర్ షిమ్ము (ఒక పక్క పలచగా ఉండే రేకు) పెట్టు, లేకుంటే కొత్తది మార్చు. వంగిన పట్టాకు డీహాగింగ్ (చివర వంపు తీయడం), కాకుంటే చివర కోసి కొత్త రంధ్రాలు. రంధ్రం డ్రిల్లుతోనే, గ్యాసు మంట వద్దే వద్దు. రంధ్రం అంచులు చాంఫర్ చేయకపోతే (పదును చెక్కి నున్నగా చేయకపోతే) అక్కడే నక్షత్రం మాదిరి బీట పుడతాది. విప్పినప్పుడు ఇనుప బ్రష్షుతో తుడిచి అద్దం, భూతద్దంతో చూసేది ఆ బీట కోసమే. చానామంది తుడిచేది లేదు, చూసేది లేదు.

ఇవన్నీ బాగుండి కూడా దిగతా ఉంటే కింద బురద. గుప్పెడు కంకర తీసి చూడు, ఎర్రమట్టి కలిసి ముద్దయ్యుంటే స్క్రీనింగ్ చేసి (కంకర జల్లించి), పక్కన సెస్ (కంకర పక్కనుండే మట్టి బాట) కిందికి దించి నీళ్లకు దారి చెయ్యి. ప్యాకింగ్ జాయింటు స్లీపర్లు రెండిటికే కాదు, అటు మూడు ఇటు మూడు. రెండే ఎత్తితే ఒంటె మూపురమే.

లెక్కల_అబ్బి:
స్క్రీనింగ్ కూడా వానల ముందరే ముగించాలి. వానల్లో తవ్వితే మట్టి జల్లెడలోంచి దిగదు.

రేణిగుంట_గునపం:
అదీ చెప్పింది నేనే కదా, వానలు అని. ఎవరూ ఒప్పుకోరు.

పాకాల_బాట:
పైపు సంగతి?

గ్యాంగు_మేట్:
వద్దు. స్పానరు పొడుగు ఒక మనిషి బలానికి లెక్కగట్టి చేసింది. పైపు తొడిగితే బోల్టు సాగతాది, మర నలుగుతాది. ఇంకా చెడ్డది, జాయింటు బిగుసుకుపోయి పట్టా కదలదు, ఎండకాలంలో లైను పక్కకు వంగతాది. ముందు నడిమి రెండు బోల్టులు, తర్వాత చివరివి. మరుసటి దినం ఇంకో చుట్టు బిగించాల, బండ్లు పోయినాక ప్లేటు సర్దుకుని వదులవుతాది. ఒకేసారి రెండు పట్టాల జాయింట్లూ విప్పొద్దు.

సిగ్నల్_దీపం:
విప్పేముందు స్టేషన్‌లో చెప్పండి కూడా. బాండ్ తీగ (జాయింటు దగ్గర పట్టాలను కరెంటుకు కలిపే తీగ) తెగిందని తర్వాత మమ్మల్ని పిలవొద్దు.