లీటరు పెట్రోలు మీద కేంద్రం వేసే పన్నులో మన రాష్ట్రానికి ఎంతొస్తుంది?

అల్వాల్ వాసి:
పొద్దున లోతుకుంట దగ్గర బంకులో లైన్లో ఉంటే వెనకాయనతో మాట పెరిగింది. కేంద్రం వేసే ఎక్సైజులో ఎలాగూ సగం దాకా రాష్ట్రాలకే తిరిగొస్తుంది, మళ్లీ మీద రాష్ట్రం వేసే వ్యాట్ ఎందుకు, రాష్ట్రాలకున్న అధికారాలు చాలు, వాడుకోవడమే చేతకాదు అంటాడాయన. నాకు జవాబు తోచలేదు. నిజమేనా?

తార్నాక మాస్టారు:
తిరిగి రాదండీ. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచమన్న మాట నిజమే, కానీ అది పంపకానికి పెట్టిన కుప్పలోంచి మాత్రమే. ఫలానా పనికని విడిగా వేసే సెస్సులు, అసలు పన్ను మీద అదనంగా వేసే సర్‌చార్జీలు ఆ కుప్పలో పడవు, రాజ్యాంగం 270వ అధికరణమే వాటిని పక్కన పెట్టింది. 2022 మేలో తగ్గించాక లీటరు పెట్రోలు మీద ఎక్సైజు 19.90 రూపాయలు, అందులో పంపకానికి వచ్చే బేసిక్ సుంకం ఎంతో తెలుసా, 1.40! మిగతా 18.50 రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు, సర్‌చార్జీగా వేసే ప్రత్యేక అదనపు సుంకం. 2025 ఏప్రిల్‌లో ఇంకో 2 రూపాయలు పెంచారు, అదీ ప్రత్యేక అదనపు సుంకం కిందే. ఇప్పుడు ఆ 1.40లో 41 శాతం తీయండి, 57 పైసలు. దాన్ని రాష్ట్రాలన్నీ పంచుకోవాలి. 15వ సంఘం తెలంగాణకిచ్చిన వాటా 2.102 శాతం, అంటే లీటరుకి పైసా పైచిలుకు. జీతం వచ్చిన రోజే ఇంటాయన ముప్పావు వంతు వేరే డబ్బాలో వేసి తాళం పెట్టి, మిగిలిందాంట్లో మీ అందరికీ 41 శాతం అంటే ఇల్లు ఎలా నడుస్తుంది?

ముషీరాబాద్ కుర్రోడు:
మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ మన వ్యాట్ 35.20 శాతం, అందులో ఎవరికీ వాటా లేదు, మొత్తం మనదే కదా? 2021 నవంబరులో కేంద్రం లీటరుకి 5 రూపాయలు తగ్గిస్తే చాలా రాష్ట్రాలు వ్యాట్ కూడా తగ్గించాయి, మన దగ్గర తగ్గించలేదు. నేను రోజుకి వంద కిలోమీటర్లు బండి మీద డెలివరీలు తిరుగుతా, అధికారం మన చేతిలో ఉన్న చోట కూడా నాకు రూపాయి మిగలనప్పుడు ఊరికే ఢిల్లీని అంటే ఏమొస్తుంది? ఇంకోటి, ఎవరి పన్ను వాళ్లే ఉంచుకుంటే బీహార్ గతేంటి? మా గల్లీలో సెంట్రింగ్ పనికొచ్చిన పిల్లలంతా అక్కడోళ్లే.

తార్నాక మాస్టారు:
తమ్ముడూ, బీహార్‌కి ఇవ్వొద్దని నేనెక్కడన్నాను? ఆ సెస్సు పంపకంలోకి రాకపోతే నష్టం వాళ్లకే ఇంకా ఎక్కువ, ఎందుకంటే కుప్పలో పెద్ద వాటాల్లో ఒకటి వాళ్లది. వ్యాట్ సంగతి, 2021లో తగ్గించాల్సింది, అక్కడ నీ మాటే నాది. కానీ ఎందుకు వదలరో కూడా చూడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రం తనంతట తాను రేటు మార్చుకోగల పెద్ద పన్నులంటే పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లే. మిగతావి కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌కి వెళ్లాయి. అక్కడ ఏది తేల్చాలన్నా నాలుగింట మూడు వంతుల ఓటు కావాలి, కేంద్రం ఓటే మూడో వంతు. రాష్ట్రాలన్నీ ఒక్క మాట మీద నిలబడ్డా కేంద్రం కాదంటే కాదు. చేతిలో రెండు మూడే మిగిలినప్పుడు ఏ ఆర్థిక మంత్రయినా వాటినే పిండుతాడు.

ముషీరాబాద్ కుర్రోడు:
సరే, సెస్సులకు ఒక హద్దు పెట్టమని అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతా. కానీ అదే కాగితం మీద మన వ్యాట్ కూడా తగ్గించమని రాయాలి.