అడవిలో మంటలార్పడానికి మామూలు జనం పోవాలా, వద్దా?

అచ్చంపేట పిలగాడు: ఫిబ్రవరి జొచ్చిందంటే అమ్రాబాద్ అడవంత ఆకు రాలి గలగలమంటది. వానలు పడేదాక ఏదో ఒక దిక్కు మంటే. హైదరాబాద్‌ల ఉన్న మా దోస్తులం శని, ఆదివారాలు పోయి ఆర్పుడుకు సాయం జేద్దామనుకుంటున్నం. ఏమంటరు?

కొండదారి: వద్దు తమ్ముడూ. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా పోయారు. వాళ్లు ఆర్పడానికి వెళ్లినవాళ్లు కూడా కాదు. మంట ఎత్తుకి పాకేటప్పుడు పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టుకుంటూ వస్తుంది, దాని ముందు పరుగెత్తి ఎవడూ గెలవడు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్‌లో ప్రాణాలు పోయింది అటవీ సిబ్బందివే. ఇక మనమెంత?

అచ్చంపేట పిలగాడు: అన్నా, 2014ల శేషాచలం అంటుకుంటే హెలికాప్టర్లొచ్చినయ్. అన్ని అడవులకు వస్తయా? ఈడ ఫారెస్టోళ్ల వాచర్లు ఆకులను ఊదేసే బ్లోయర్లు, పచ్చికొమ్మలు పట్టుకునే కొడుతున్నరు. మనుషులే సాల్తలేరు.

ఇప్పచెట్టు: మీరిద్దరూ మంట లేచాక సంగతే మాట్లాడుతున్నారు. మన అడవుల్లో పిడుగు పడి అంటుకునేది బహు తక్కువ. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికాకు చిగురు బాగా రావాలని పొదలు కాలుస్తారు. పశువుల మేతకి కొత్త గడ్డి కోసం ఇంకొకరు. ఇవి కాక శ్రీశైలం రోడ్డు మీద కార్లో నుంచి విసిరే సిగరెట్టు పీకలు, వంట చేసుకుని ఆర్పకుండా పోయే పొయ్యిలు (ఇదంతా చదువుకున్నవాళ్ల ఘనకార్యమే). కాబట్టి పని ఉండేది మేలో కాదు, జనవరిలో. మంట దాటకుండా అడ్డంగా ఆకు, గడ్డి తీసేసి ఫైర్‌లైన్లు చేయాలి. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో ఇప్పచెట్ల కింద వలలు కట్టి పూలు పడుతున్నారు, నిప్పుతో పనే ఉండదు. ఆ వలలు కొనివ్వండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఉపగ్రహానికి కనపడిన మంటల జాడని ఫోన్‌కి పంపుతారు, పేరు నమోదు చేసుకుంటే మామూలు జనానికీ వస్తుంది.

పెంట మనిషి: ఫైర్‌లైన్ పని మా చెంచు పెంటలోళ్లకు (పెంటంటే అడవిల మా చిన్న గూడెం) ఎండకాలం కూలి అక్కా. పట్నం పిల్లలు ఫ్రీగ జేసి ఫొటోలు దిగి పోతే మా కూలి సంగతేంది? ఏ లోయల గాలి ఎటు తిరుగుతదో మాకు ఎరుక. మనుషులు సాలకుంటే మమ్ముల్నే ఇంకొంతమందిని పెట్టుకోమని అడగండి.

ఇప్పచెట్టు: కూలి మాట ఒప్పుకుంటాను. కానీ రోడ్డు పక్క చెత్త, పర్యాటకులకి చెప్పడం, వీటికి ఎవరూ కూలివ్వడం లేదుగా. అది వాలంటీర్లు చేస్తే మీ నోటి దగ్గర కూడు పోదు.

కొండదారి: రోడ్డు వరకైతే నాకూ సరే. భయమల్లా ఆ ఫోన్ మెసేజ్ గురించే. అది చూసి బండ్లేసుకుని లోపలికి ఉరుకుతారు. ఉపగ్రహం చూసిన గంటకి మంట అక్కడే కూర్చుని ఉండదు.

అచ్చంపేట పిలగాడు: మెసేజ్ వస్తే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ జేస్తం, గంతే. వలలకు పైసలు జమ జేస్తం. గని పెంటన్నా, మంట ఊరంచుకొచ్చిన నాడు గూడ మమ్ముల్ని రోడ్డు మీదనే నిలబడమంటవా?

పెంట మనిషి: ఆ దినం నీళ్ల క్యాన్లు తేండి. ముందల మాత్రం మేముంటం.

కొండదారి: క్యాన్లతో వచ్చినవాడు ఆ మంట చూశాక ముందుకి పోకుండా ఆగుతాడా? నాకు నమ్మకం లేదు.