ఆర్కిడ్ పూలు వంకరగా, గరుకుగా వస్తే మొక్కను పారేయాల్సిందేనా?

కిటికీతోట:
ఇంట్లో పెంచుతున్న గులాబీ రంగు ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌కి ఈసారి పూలు తేడాగా వచ్చాయి. నున్నగా ఉండాల్సిన రేకులు వేలితో తడిమితే గీతలు గీతలుగా ఎత్తుపల్లాలు తగులుతున్నాయి. ఒక పువ్వుకి పక్కరేకు అంచు లోపలికి ముడుచుకుపోయింది. ఆకులు మాత్రం పచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఇది వైరస్ అనీ, వెంటనే తీసి పారేయమనీ తెలిసినవాళ్లు ఒకరు అన్నారు. పక్కనే ఇంకా ఆర్కిడ్లున్నాయి, అదే నా టెన్షన్. మీరేమంటారు?

నీడపందిరి:
వాళ్లు చెప్పింది సబబే. ఆర్కిడ్లకు ఎక్కువగా సోకే వైరస్‌లు రెండు: సింబిడియం మొజాయిక్, ఒడాంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్. రెండింటికీ మందు లేదు. కత్తెరకు అంటిన రసం చాలు, పక్క మొక్కకు పాకడానికి. ఆకులు బాగున్నాయి కదా అని ధీమాగా ఉండకండి. లోపల వైరస్ ఉన్నా పైకి ఏమీ కనబడని మొక్కలు చాలానే ఉంటాయి. ఒక్కదాని మీద మమకారంతో మిగతావాటికి ముప్పు తేవద్దు.

మొగ్గకాపరి:
నీడపందిరి గారూ, వైరస్ గురించి మీరన్నదంతా నిజమే. కానీ ఈ పూలు వైరస్ వల్లే ఇలా అయ్యాయని ఎలా తేల్చారు?

కిటికీతోట గారూ, ముందు కాడ చూడండి. ఫెలనాప్సిస్‌కి మొదలు వైపు పూలు ముందు విచ్చుకుంటాయి, కొస వైపువి తర్వాత. కాబట్టి ఏ పువ్వు ఎక్కడ చెడిందో చూస్తే ఎప్పుడు చెడిందో తెలిసిపోతుంది. మధ్యలో రెండు మూడు చెడి, ఆ తర్వాతవి చక్కగా వస్తే, ఆ మొగ్గలు ఎదిగే రోజుల్లో ఏదో దెబ్బ తగిలిందన్నమాట: విపరీతమైన వేడి, పొడిగాలి, నీళ్లు అందకపోవడం, మొగ్గల మీద పడిన నూనె మందు. వైరస్ సాధారణంగా అలా మధ్యలో వచ్చి పోదు.

రెండోది తామర పురుగులు. మిల్లీమీటరు, మహా అయితే రెండు. మొగ్గ మూసి ఉండగానే లోపలికి దూరి రేకుల్ని గీరి రసం పీలుస్తాయి. పువ్వు విచ్చేసరికి వెండి చారలు, గోధుమ రంగు అంచులు, ముడతలు. పువ్వు కింద తెల్లకాగితం పట్టి గట్టిగా తట్టండి. సన్నటి నలుసులు పడి పాకితే అవే.

రెండు పక్కరేకులూ కింద పెదవిలా ఉండే రేకులాగే మారి ఉంటే మాత్రం అది పెలోరిక్ పువ్వు. టిష్యూ కల్చర్‌లో పెంచిన మొక్కల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది, రోగం కాదు. రెండువైపులా ఒకే తీరుగా ఉంటుంది. పురుగు చేసిన నష్టానికి ఆ పొందిక ఉండదు.

వేరుచిగురు:
కాడ కణుపులకు కీకీ పేస్టు (పిలకలు రావడానికి రాసేది) ఏమైనా రాశారా అండీ? అందులో సైటోకైనిన్ అనే మొక్కల హార్మోను ఉంటుంది. ఎక్కువైతే పూలూ పిలకలూ వికారంగా వస్తాయి.

నీడపందిరి:
ఇవన్నీ ఉండొచ్చు, కాదనను. కానీ రంగు సంగతి ఎవరూ అడగలేదు. రింగ్‌స్పాట్ సోకితే రేకు మీద రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట వెలిసినట్టు చారలు పడుతుంది. కిటికీతోట గారూ, పువ్వును వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి.

కిటికీతోట:
పేస్టు ఏదీ రాయలేదండి. కాగితం మీద పురుగులేమీ పడలేదు. వెలుతురులో రంగు అంతటా ఒకేలా ఉంది. మొదట్లో విచ్చిన రెండు పూలు బాగానే ఉన్నాయి, గరుకుగా ఉన్నవి వాటి తర్వాత మూడు. కొసన మొగ్గలు ఇంకా విచ్చలేదు. ఆ మూడూ చిన్న మొగ్గలుగా ఉన్నప్పుడు ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టాను, తర్వాత మార్చేశాను.

మొగ్గకాపరి:
అయితే నా అనుమానం ఆ పొడిగాలి మీదే. అయినా అనుమానంతో ఆగకండి. ఈ రెండు వైరస్‌లకూ టెస్ట్ స్ట్రిప్‌లు దొరుకుతాయి. ఆకుముక్కను ద్రావణంలో నలిపి స్ట్రిప్ ముంచితే నిమిషాల్లో ఫలితం వస్తుంది. పాజిటివ్ వస్తే నేనూ పారేయమనే చెప్తాను. నెగటివ్ వచ్చినా పూర్తి భరోసా కాదు, వైరస్ తక్కువగా ఉంటే స్ట్రిప్‌కి చిక్కకపోవచ్చు. అందుకే ఈ మొక్కను విడిగా పెట్టండి, దీని కుండీలోంచి కారే నీళ్లు వేరే కుండీలోకి పోనివ్వకండి. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి సరిపెట్టుకోవద్దు, ఈ వైరస్‌ల విషయంలో దాన్ని నమ్మలేం. మొక్కకో కొత్త బ్లేడు వాడండి, లేదా మంట మీద బాగా కాల్చండి.

నీడపందిరి:
టెస్ట్ చేయిస్తే నాకు అభ్యంతరం లేదు. టెస్ట్ లేకుండా వచ్చే పూత దాకా చూద్దాం అంటే మాత్రం ఒప్పుకోను. ఫెలనాప్సిస్ మళ్లీ పూయడానికి దాదాపు ఏడాది పట్టొచ్చు. అన్నాళ్లూ జాగ్రత్తగా ఉండటం ఎవరికైనా కష్టమే.

మొగ్గకాపరి:
ఇక్కడ ఏడాది ఆగక్కర్లేదు కదండీ, కొసమొగ్గలు ఇంకా ఉన్నాయి. కిటికీతోట గారూ, స్ట్రిప్ తెప్పించండి. ఈలోగా అవి విచ్చితే ఫొటోలు పెట్టండి, రేకుల వెనకవైపు కూడా.

కిటికీతోట:
స్ట్రిప్‌లు ఇప్పుడే ఆర్డర్ చేశాను. మొక్కను వేరే గదిలోకి మార్చాను. కత్తెర మిగతా మొక్కలకు కూడా వాడాను కాబట్టి వాటికీ టెస్ట్ చేస్తాను.